రాగం తెలియని కంప్యూటర్

ఉదయగిరి చర్చిలో శనివారం సాయంత్రం. మర్నాడు అందరూ పాడబోయే పాటను తెరమీద చూసుకుందామని, దాన్ని కట్టిన హన్నమ్మవ్వ మనవరాలితో కలిసి వచ్చింది. తెర తెల్లగా ఉంది.

"ఏందమ్మే, నా పాట యాడ?"

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చిందవ్వా. ఈ చర్చి కంప్యూటర్ పాతది. పాటని తెరమీదికి తెచ్చే స్టైల్‌షీట్‌లో రాగం గుర్తులు గీయమని రాసినాను. ఆ పని దీనికి తెలీదు."

"తెలీకపోతే ఆ ముక్క వదిలేసి, మిగతాది చూపించొచ్చు గదా?"

"తెలీనప్పుడు ఏం చెయ్యాలో నేను రాయలేదు. అందుకే మొత్తం ఆపేసింది."

"చేలో కలుపు తీస్తా కట్టుకున్న పాటమ్మే అది. రేపు మొదటిసారి అందరూ పాడబోతా ఉండారు. తెల్లగుడ్డ చూసి ఏం పాడతారు?"

"ఉండవ్వా. గీయమన్న చోటే 'ఫాల్‌బ్యాక్' అని ఒకటి చేరుస్తా ఉండాను. అంటే, ఇది నీకు రాకపోతే బదులుగా ఇంకోటి చూపించు అని."

"ఏం చూపించమన్నావు?"

"చదువుకో."

"వచ్చిందమ్మే! చరణాలన్నీ వచ్చినాయి. గుర్తులు లేవు గానీ, ఆ చోట ఏందో ఉండాది... 'రాగం కోసం హన్నమ్మవ్వ వైపు చూడండి'. ఓసి నీ తెలివి!"

"తప్పా అవ్వా? తీసేయమంటావా?"

"తియ్యబాక. రేపు కొండాపురం నుంచి మా చెల్లెలు వస్తాది, దానికి చూపు తక్కువ. ఆ ఒక్క మాట ఇంకా పెద్ద అక్షరాలతో పెట్టు."