మూతి ఎటు తిరిగింది?

పొంతియానక్ శివార్లలోని సబ్‌స్టేషన్‌లో మధ్యాహ్నం మూడైంది. పిడుగు దెబ్బ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాచే కొత్త అరెస్టర్ కింద నిలబడి, ఇంజనీరు నూర్‌హయాతి కరెంటు వదలొచ్చనే కాగితం మీద సంతకం పెట్టకుండానే దాన్ని మడిచింది. మేస్త్రీ రుస్లికి మండిపోయింది.

“ఇంకేం చూస్తావమ్మా? రెండ్రోజులుగా ఊళ్లో కరెంటు లేదు. నాలుగింటికి ఇస్తామని చెప్పేశారు.”

“దాని మూతి ఎటుందో చూశారా, మేస్త్రీ గారూ?”

“నిటారుగానే నిలబెట్టాం గదా!”

“నిటారుగానే ఉంది. కానీ లోపల పేలితే మంట బయటికి తన్నే మూతి, కంట్రోల్ రూమ్‌కి నడిచే దారివైపు తిరిగుంది.”

“ఎప్పుడో పేలేదానికి ఇప్పుడెందుకు కంగారు? నీ వయసంత నా సర్వీసు.”

“అందుకే అడుగుతున్నా. తెలియక బిగించారా?”

ఆయన నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు.

“బోల్టు రంధ్రాలు కలవలేదు. ఇటు తిప్పితే కలిశాయి. కింద పీట మార్చాలంటే మూడు గంటలు పడుతుంది.”

“కరెంటిచ్చేటప్పుడు మీరా దారిలో నిలబడతారా?”

“నన్ను బెదిరిస్తున్నావా?”

“మీరు నిలబడలేని చోట ఇంకొకణ్ణి రోజూ నడవమని నేను సంతకం పెట్టలేను.”

ఆమె ఫోను మోగింది. పై అధికారి. ఆమె మాట్లాడేలోపే రుస్లి ఫోను లాక్కున్నాడు. తన మీద ఫిర్యాదు చేస్తాడనే అనుకుందామె.

“సార్, నేను రుస్లిని. అరెస్టర్ నేనే తప్పుగా బిగించాను. ఏడింటిదాకా కరెంటు రాదు. ఆ అమ్మాయినేమీ అనకండి.”

ఫోను ఆమె చేతికిచ్చి, మొహం చూడకుండా క్రేన్ వైపు నడిచాడు.