టీవీ ఆగిన నాలుగో రోజు

సిరిసిల్లలో ఒక రేకుల ఇల్లు, ఎండ దిగే వేళ. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని మానేసిన పర్శరాములు మంచం మీద ఒరిగి ఉన్నాడు. నాలుగు రోజులుగా వెలగని పాత డబ్బా టీవీ ముందు మెకానిక్ జోయల్ టెస్టరు పట్టుకుని కూర్చున్నాడు. అతను ఎప్పుడొస్తాడా అని మూడు రోజులు వాకిట్లో నిలబడి చూసిన పర్శరాములు భార్య శంకరవ్వ, ఇప్పుడు అతని పక్కనే.

“ప్లగ్గుల కరెంటు మంచిగనే వస్తుందవ్వా. వైరు గూడ తెగలే. ఉరుములు గిట్ల ఉరిమినయా?”

“ఏమో బిడ్డా. ఉరిమినయేమో.”

“గీ ఎండలల్ల ఎక్కడియి ఉరుములు?”

“ఏమో మరి. సోమారం పొద్దుగాల నుంచి సప్పుడు లేదు.”

“ఏందట? ఏమంటుండు వాడు?”

“చూస్తుండయ్యా! జర ఆగు! చూ...స్తుం...డు!”

“పెద్దయ్యకు అస్సలుకే ఇనబడదా?”

“ముప్పయ్యేండ్లు సాంచెల కాడ నిలబడ్డడు కొడుకా. గా సప్పుడుకు చెవులు పోయినయి. టీవీ పెడితే వాడకట్టంత ఇనాలె.”

“ఎనుక మూత ఇప్పాలె ఇగ. జర ఎలుతురు పడేటట్టు జరుగు... అవ్వా, దీన్ని ఎవరన్న ఇప్పిండ్రా?”

“ఎవరిప్పుతరు?”

“స్క్రూలు వదులున్నయి. ఒకటైతే లేనే లేదు.”

“పాతది గద. అవే వదులైనయేమో.”

“లోపల దుమ్మంత పేరుకొని ఉంది. గీ ఒక్క కాడ మాత్రం వేలు పెట్టి తుడిచినట్టుంది. గీడ ఫ్యూజుండాలె. గాజుది, గింతంత.”

“మాడిపోయిందా?”

“మాడలే. అసలు లేదు. ఎవరో పీకిండ్రు.”

“ఎలుకలు...”

“ఎలుకలు స్క్రూలిప్పుతయా అవ్వా?”

“ఏమంటుండే?”

“పాడైందంటుండయ్యా! లోపల! పా...డైం...దట! ...నేనే పీకిన కొడుకా.”

“నువ్వా?”

“సాంచెలిప్పే పానలు, స్క్రూడ్రైవర్లున్నయి గద ఇంట్ల. ఎన్కటికి ఒకాయన బాగుచేస్తుంటే చూసిన.”

“నీకు పానం మీద ఆశ లేదా? దీంట్ల ప్లగ్గు తీసినంక గూడ కరెంటుంటది. చెయ్యి తాకితే ఇసిరి గోడకు కొడ్తది.”

“కొడితే కొట్టనియ్యి.”

“గట్లనకు. ఎందుకు పీకినవు? పెద్దయ్యకు పొద్దు పోయేదే దాంతోనాయె.”

“నువ్వు రావాలెనని.”

“నేనా?”

“మెల్లగ... అయ్యో, మెల్లగెందుకు, ఆయనకు ఇనబడితె గద. నువ్వు ఆదివారం ఆదివారం కరీంనగర్ల చర్చికి పోతవట. మా వినోద గూడ గాడికే వస్తదట, మొగనితోని. వేరే మతపోన్ని చేసుకుందని నాలుగేండ్లాయె, ఇంట్ల దాని పేరెత్తనియ్యడు. ఫోను ఆయన తలకాడ మెత్త కిందనే ఉంటది. బజార్ల నిన్ను ఆపి అడుగుదామంటే నలుగురు చూస్తరు. టీవీ బాగుచేసెటోడు ఇంటికొస్తే ఎవలేమంటరు?”

“వినోదక్క మీ బిడ్డనా? పేతురన్న భార్య?”

“చూసినవా? ఎట్లుంది? బక్కగైందా?”

“మంచిగనే ఉంది.”

“మంచిగనే అంటే?”

“మంచిగనే అవ్వా. ఆ ఫ్యూజు ఏడ పెట్టినవు?”

“మంచిగుంటే నా మొకం చూసి చెప్పు. ఫ్యూజు ముచ్చటెందుకు తీస్తవు?”

“ఎట్ల చెప్పాలె నీకు... కాన్పైంది. పన్నెండు రోజులైంది. ఆడపిల్ల. స్తుతి అని పేరు పెట్టుకున్నరు. పిల్ల మంచిగుంది.”

“మరి నా పిల్ల?”

“దవాఖానలనే ఉంది. నెత్తురు ఎక్కిస్తుండ్రు. పోయిన ఆదివారం చర్చిల అందరం ఆమె కోసమే ప్రార్థన చేసినం.”

“బతుకుతదా?”

“డాక్టర్లు ఏం చెప్తలేరవ్వా. అవ్వను చూస్తా, బాపును చూస్తా అంటుందట.”

“ఏందే, గా ఏడుపేంది?”

“ఏం లేదయ్యా! దుమ్ము! కండ్లల్ల దుమ్ము పడ్డది!”

“కాన్పుకు ముందొకసారి వచ్చిందట గద ఇక్కడికి? పేతురన్న చెప్పిండు. బస్సుల ఒక్కతే వచ్చి, తలుపు కొట్టి కొట్టి మల్లిపోయిందట.”

“ఎన్నడు? నాకెవ్వలు చెప్పలే!”

“బతుకమ్మ పండుగ ముంగట.”

“గప్పుడు నేను మా అక్క సచ్చిపోతే మందమర్రికి పోయిన. మూడు రోజులున్న. ఈయనొక్కడే ఉండె ఇంట్ల. అయ్యో, నా బిడ్డ కడుపుతోని వాకిట్ల నిలబడ్డదా? పిలిచిందా కొడుకా?”

“అర్ధగంట పిలిచిందట.”

“పాపం, ఈయనకు ఎరుకనే లేదు. ఎరుకుంటే తీయకపోవునా? ఎంత కోపమున్న కన్నతండ్రి గాదా? చెవుల ఒర్రి చెప్తా ఇప్పుడే. ఇద్దరం పోతం. ఆఖరు బస్సన్న దొరుకుతది. ఏమయ్యా! ఓయ్! ఇటు ఇను! మన వినో...ద...”

“ఒర్రకే శంకరవ్వా, ఇనబడుతనే ఉంది. అర్ధగంట గాదు. బాపూ, బాపూ అనుకుంట గంట సేపు పిలిచింది. నేనే టీవీ సౌండు పెంచిన.”