ఖాళీగా పంపకూడని గిన్నె

జపాన్‌లో మత్సుఎ ఊరు. ఆదివారం పొద్దున, తోకి గారి ఇంట్లో, పెద్దల మందిరం ముందు. లోపల తాతయ్య ఫొటో, కంచు గంట, చిన్న ఇత్తడి కప్పులో పొగలు కక్కుతున్న అన్నం. ఎదురుగా కూర్చున్న తోకి పక్కన మనవరాలు నజునా. వయసు ఐదేళ్లు.

“ఇంతకీ తాతయ్య ఈ అన్నం తింటాడా, తినడా?”

“నాక్కూడా ఎన్నో ఏళ్లుగా అదే అనుమానం తల్లీ.”

“అనుమానం ఉంటే రోజూ ఎందుకు పెడతావు నానమ్మా?”

“ఒకవేళ తింటుంటే? మానేస్తే పస్తు కదా.”

“తరవాత నువ్వే తినేస్తావుగా.”

“ఆవిరి ఆయనకు, అన్నం నాకు. పోయినవాళ్లు ఆవిరి తింటారని గుడి స్వామి చెప్పారు.”

“స్వామి చూశాడా?”

“స్వాములను అలా అడగకూడదు.”

“నువ్వు అడగలేదా?”

“...అడిగాను.”

“ఏమన్నాడు?”

“టీ తాగి వెళ్లిపోయారు.”

“గంట కొట్టనా?”

“కొట్టు. ఒక్కసారే. అది ఆటబొమ్మ కాదు.”

“టంగ్!”

“నోటితో కాదే, కర్రతో.”

“కర్రతోనూ కొట్టాను. నోటితోనూ కొట్టాను. తాతయ్యకు చెవుడన్నావుగా.”

“ఒక చెవికే. సరే, చేతులు జోడించు. ఏమండీ, అన్నం పెట్టాను. నా మోకాలు అలాగే ఉంది. అబ్బాయి ఆదివారం కూడా పనికి వెళ్లాడు. నజునాకు పన్ను కదులుతోంది.”

“ఇదిగో తాతయ్యా, ఇది.”

“నోరు ముయ్యి, ఆయన చూస్తారులే. ఇక నా గిన్నె సంగతి. మా అమ్మ ఇచ్చిన గిన్నె. కడుగుతానని తీసుకుని చేయి జార్చారు. ‘ఇంకోటి తెచ్చి పెడతాలే’ అన్నారు. తెచ్చారా? తేలేదు. తేకుండానే వెళ్లిపోయారు. ఆ బాకీ అలాగే ఉంది. నేను మరిచిపోయాననుకోకండి.”

“రోజూ ఎందుకు తిడతావు?”

“తిట్టడం కాదు, గుర్తు చెయ్యడం.”

“పోయినవాళ్లు గిన్నెలు కొనగలరా?”

“కొనలేరు.”

“మరెందుకు?”

“ఆయన వింటున్నారో లేదో నాకు తెలియాలి కదా. అన్నం పెడితే పలకరు. బాకీ అడిగితేనైనా పలుకుతారేమోనని.”

“పలికాడా?”

“ఉన్నప్పుడే పలికేవారు కాదు. సరే, ఆ పీట తీసి పక్కకు జరుగు. కింది అలమర తియ్యాలి. మధ్యాహ్నం కురోసె గారింటికి లారీ వస్తుంది.”

“తెలుసు. కురోసె బామ్మ కనజావాకు వెళ్లిపోతోంది, వాళ్ల చెల్లెలింటికి. ఇంక ఇక్కడికి రాదు.”

“నీకెవరు చెప్పారు?”

“బామ్మే చెప్పింది.”

“నువ్వు వాళ్లింటికి వెళ్తున్నావా?”

“అందరూ వెళ్తారు. నువ్వే వెళ్లవు. చేపల కొట్టుకు కూడా కాలవ మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్తావు. బామ్మ గేటు ముందు నుంచి వెళ్తే దగ్గర కదా.”

“కాలవ దగ్గర గాలి బాగుంటుందని చెప్పానా లేదా?”

“వానలో కూడానా?”

“వానలో కూడా.”

“కంపు కొడుతుంది నానమ్మా.”

“కొడుతుంది. ...సరే, విను. మీ నాన్నతో అనకు. తాతయ్య పోయిన రోజు కురోసె గారు గుమ్మడి ముక్కలు తీపిగా ఉడికించి తెచ్చింది. నీలం చారల గిన్నెలో. ఇంటినిండా జనం. వంటింటి గుమ్మంలో ఎవరో అందుకున్నారు. నేను ఆవిడ మొహమైనా చూడలేదు. ముక్కలు తిన్నాం. గిన్నె మన దగ్గరే ఉండిపోయింది.”

“ఇచ్చెయ్యకపోయావా?”

“ఖాళీగానా? ఒకళ్ల గిన్నె ఎవరైనా ఖాళీగా పంపుతారుటే? ఏదో ఒకటి పెట్టి పంపాలి. ఇంట్లో ఏమీ లేకపోతే అగ్గిపెట్టె అయినా వెయ్యాలి.”

“అయితే అగ్గిపెట్టె వెయ్యి.”

“ఆ వారంలోనే వేసి ఉంటే సరిపోయేది. కర్మలు అయ్యాక తీపి ఉండలు చేసి ఇద్దామనుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది కదా, ఒట్టి ఉండలేం బాగుంటాయి, ఒక మంచి చేప కూడా పెడదామనుకున్నాను. మంచి చేప దొరికేసరికి ఇంకా ఆలస్యమైంది. అంత ఆలస్యానికి చేప ఏ మూలకు వస్తుంది?”

“చేప ఏమైంది?”

“మనమే తిన్నాం. అలా అలా... నువ్వు పుట్టావు. నడిచావు. ఇప్పుడు పన్ను కదులుతోంది.”

“ఇప్పుడు ఏం పెడితే సరిపోతుంది?”

“ఏనుగును పెట్టాలి.”

“గిన్నెలో పట్టదు.”

“పట్టదు. అందుకే ఎర్ర బొబ్బర్లు వేసి ఎర్రన్నం వండాను. అది శుభకార్యాలకు వండేది. ఇల్లు విడిచి వెళ్లే మనిషికి పెట్టొచ్చో లేదో, అదొక అనుమానం.”

“నీకన్నీ అనుమానాలే.”

“అనుమానాలు ఉంటే ఉండనీ. ఇవాళ ఇవ్వకపోతే ఇక ఈ జన్మలో ఇవ్వలేను. ఆవిడ అక్కడికి వెళ్లి, తోకి నా గిన్నె మింగేసిందని చెప్పుకుంటుంది. చెప్పుకోకపోయినా అనుకుంటుంది. అదింకా ఘోరం. జరుగు.”

“నానమ్మా, అలమర తియ్యకు.”

“ఏం?”

“ఊరికే.”

“జరుగు నజునా.”

“పన్ను నొప్పెడుతోంది.”

“ఇందాక లేని నొప్పి ఇప్పుడొచ్చిందా? ...గిన్నె ఏదే?”

“ఏ గిన్నె?”

“నీలం చారల గిన్నె. ఇక్కడే, అగరొత్తుల పెట్టె వెనకాల, గుడ్డలో చుట్టి పెట్టాను. ఒట్టి గుడ్డ ఉందేం? ఈ మట్టేమిటి?”

“ఉండపురుగులకు ఇల్లు కావాలి కదా.”

“ఏ పురుగులు?”

“పూలకుండీ కింద ఉంటాయే, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోతాయి. వాటికి చీకటి ఇష్టం. అలమరలో చీకటిగా ఉంది.”

“తాతయ్య మందిరం కిందా?”

“తాతయ్య ఏమీ అనలేదు.”

“అంటారు మరి! ఇప్పుడు ఎక్కడుంది ఆ గిన్నె?”

“కురోసె బామ్మ దగ్గర.”

“ఏమిటీ?”

“నువ్వు ఎర్రన్నం చూసుకుంటున్నప్పుడు వెళ్లి ఇచ్చొచ్చాను. బామ్మ వెళ్లిపోతోంది కదా. వాటిని ఒకసారి చూస్తుందని.”

“నా చేత్తో ఇవ్వాల్సిన గిన్నె... ఖాళీగా ఇచ్చావా?”

“ఖాళీగా ఇవ్వలేదు.”

“హమ్మయ్య.”

“పురుగులతో ఇచ్చాను.”

“బుద్ధ భగవానుడా!”

“ఆకు కూడా పెట్టాను.”

“కనీసం మూతైనా పెట్టావా?”

“మూత పెడితే వాటికి ఊపిరాడదు.”

“ఆవిడ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు.”

“‘ఎంత మర్యాద!’ అంది. తరవాత ‘వీటిలో అమ్మ ఏది?’ అంది. చూపించాను. తరవాత గిన్నెను తిప్పి తిప్పి చూసింది.”

“గుర్తుపట్టింది. అయిపోయింది నా పని.”

“‘ఇది ఇంకా మీ ఇంట్లో ఉందా?’ అంది. ఉంది, నానమ్మ దాచిందని చెప్పాను.”

“దాచిందని చెప్పావా!”

“దాచావు కదా.”

“...దాచాను. ఇంకా?”

“‘మీ నానమ్మకు నా మీద కోపం పోయిందా?’ అంది.”

“కోపమా? నాకా? ఆవిడ మీదా?”

“కోపం లేదు, గాలి కోసం కాలవ మీదుగా వెళ్తుందని చెప్పాను.”

“నీ నోట్లో ఆ పన్నొక్కటే కాదే, అన్నీ ఊడిపోవాలి.”

“బామ్మ గిన్నె కడిగి తెస్తానంది. ఏదో పెట్టి తెస్తుందిట. ఖాళీగా తేకూడదు కదా.”

“మళ్లీనా! ఉన్న బాకీ తీరకుండానే ఇంకో బాకీనా!”

“వాళ్ల పొయ్యి మీద గుమ్మడికాయ వాసన వచ్చింది.”

“వెళ్లి తలుపు వెయ్యి.”

“గేటు చప్పుడైంది నానమ్మా.”

“నేను లేనని... వద్దు. నువ్వు అబద్ధం చెప్పలేవు.”

“చెప్పగలను.”

“చెప్పగలవు, ఇప్పుడే చూశాను. ఉండు, నేనే తీస్తాను.”

గుమ్మంలో కురోసె గారు. తోకి కంటే నాలుగేళ్లు పెద్ద. చేతిలో గుడ్డలో కట్టిన గిన్నె.

“తోకి గారూ, వెళ్లొస్తానని చెప్పి పోదామని వచ్చాను.”

“రండి, లోపలికి రండి. ఇల్లు ఎలాగో ఉంది, చూడకండి. కురోసె గారూ, ముందు మీరు నన్ను క్షమించాలి. ఆ గిన్నె...”

“అయ్యో, క్షమించమనాల్సింది నేను. ఆ సాయంత్రం...”

“కాదండీ, తప్పు నాది. ఇన్నేళ్లపాటు...”

“ఇన్నేళ్లూ మీరు కాలవ వైపు మళ్లిపోతుంటే, గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. పిలవడానికి నోరు వచ్చేది కాదు. తప్పు నాదే కదా. అంత చలిలో మీవారిని మా వరండాలో కూర్చోబెట్టాను. చదరంగం మధ్యలో ఉంది. నేను ఓడిపోయి పంపించేస్తే సరిపోయేది. గెలిచాను. ఆయన ఇంకో ఆట అన్నారు.”

“ఓడిపోతే ఆయన లేవరు. నాకు తెలియదా?”

“వానలో తడిసి ఇంటికి వెళ్లారు. మర్నాడు పొద్దున ఆ కబురు. అందుకే మీకు నా మీద కోపం.”

“మీ వరండా ఏం చేస్తుందండీ? ఆ గుండె ఆ పొద్దున ఆగాలని రాసి ఉంది. నాకు మీ మీద ఏ కోపమూ లేదు.”

“మరి గేటు ముందు నుంచి ఎందుకు రారు?”

“గిన్నె వల్ల!”

“ఏ గిన్నె?”

“ఈ గిన్నె! మీ చేతిలో ఉన్న గిన్నె! మీ గిన్నె మీకు తిరిగి ఇవ్వలేదని సిగ్గు!”

“నానమ్మా, బామ్మ నవ్వుతోంది.”

“నవ్వడం లేదమ్మా.”

“బామ్మా, నా పురుగులేవి?”

“మీ పూలకుండీ కిందే దింపాను తల్లీ, అమ్మను ముందు దింపాను. తోకి గారూ, కాస్త ఇలా కూర్చోండి. ఈ గిన్నె మాది కాదు.”

“మీది కాకపోవడమేమిటి? గుమ్మడి ముక్కలు...”

“ముక్కలు మావి. గిన్నె మీది. ఆ సాయంత్రం మీవారు పింగాణీ సంత నుంచి వస్తూ మా వరండాలో ఆగారు. కాగితంలో చుట్టి ఈ గిన్నె ఉంది. వెళ్లేటప్పుడు వాన జోరుగా ఉంది. ‘కాగితం తడిసి జారిందంటే మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు, ఇదివరకోటి ఇలాగే పగలగొట్టాను, రేపు తెరిపి ఇచ్చాక వచ్చి తీసుకెళ్తా’ అని మా ఇంట్లో పెట్టి వెళ్లారు. మీ గిన్నె మీకు చేర్చాలి కదా. ఖాళీగా ఎలా తెస్తాను?”

“నానమ్మా, అయితే తాతయ్య తెచ్చేశాడు. నువ్వు ఊరికే తిట్టావు.”

“నజునా, వెళ్లి గంట కొట్టు.”

“పొద్దున కొట్టాం కదా.”

“అది అడగడానికి. ఇది ముట్టిందని చెప్పడానికి.”