జల్లెడకి బుర్రుంటుందా?

బడిలో సైన్స్ టీచరుగా ఆ రోజే రిటైరైన ఆవిడకు విందు. అతిథులింకా రాని హాల్లో ఆవిడా, బల్లల మీద పేర్ల చీటీలు సర్దుతున్న మేనకోడలూ.

“వద్దంటే వద్దు. తీసెయ్ ఆ చీటీ. నా పక్కన మీ నాన్నా? నీకు మతిగానీ పోయిందా?”

“నేను కాదత్తా, కంప్యూటర్ పెట్టింది.”

“అయితే దానికి పోయిందా?”

“మొన్న ఫోన్లో చెప్పాగా! ముందు అందర్నీ ఎలా పడితే అలా కూర్చోబెడుతుంది. అలాంటి అమరికలు ఓ వెయ్యి చేస్తుంది. గొడవలొచ్చేవి పారేస్తుంది. మిగిలినవాటిని జతకలిపి, అక్కడక్కడా ఓ కుర్చీ మార్చి, వాటికి పిల్లల్ని, అంటే కొత్త అమరికల్ని, పుట్టిస్తుంది. మళ్లీ ఏరడం, మళ్లీ పుట్టించడం. చివరికి...”

“చివరికి నా నెత్తిన మీ నాన్న.”

“అబ్బ, నువ్వు చెప్పిన పాఠమే కదా! జీవపరిణామం.”

“ఆ పాఠంలో ఏం చెప్పాను? పరిణామానికి ఆలోచనుండదు, అదొక జల్లెడ అన్నాను. జల్లెడకి బుర్రుంటుందా?”

“ఆ జల్లెడే కన్ను చేసింది, గద్ద రెక్క చేసింది. నీ బుర్రా అదే చేసింది. బుర్రని చేసినదానికి బుర్ర లేదంటే ఎలా అత్తా?”

“వాన కొండని చెక్కుతుంది. వానని శిల్పి అంటామా?”

“కొండ ఎలా తయారైనా వానకి ఒకటే. ఇదలా కాదు, బాగున్నది పట్టుకుంటుంది, బాగాలేనిది వదిలేస్తుంది. చెప్పులు కొనేటప్పుడు నువ్వు చేసేదేమిటి? కొట్టంతా దింపించి ఒక్క జత పట్టుకుంటావు.”

“కరిస్తే నొప్పి నాకు కాబట్టి. దానికి కాళ్లున్నాయా, కరిస్తే తెలియడానికి? మీ నాన్న పక్కన కూర్చుంటే ముద్ద దిగనిది నాకు, దానికి కాదు.”

“ఒక్క ఫొటోకి నాలుగేళ్లు మాటల్లేకపోతే ఎలా అత్తా?”

“ఒక్క ఫొటోనా! కుటుంబమంతా ఉన్న ఫొటోలో నా మొహం సగానికి కోసేశాడు. అడిగితే, బాగున్న సగం ఉంచానక్కా అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు.”

“నేను... దగ్గానత్తా.”

“దగ్గావు! అదుగో, వచ్చాడు. మళ్లీ ఆ కెమెరా మెళ్లో వేసుకుని మరీ.”

“రా నాన్నా. నీ కుర్చీ... ఇదీ.”

“ఇదా? ఇంకో బల్ల లేదామ్మా?”

“కంప్యూటర్ పెట్టింది నాన్నా.”

“ఏమే, మీ నాన్నకి చెప్పు, నాకేం సంబంధం లేదని.”

“మీ అత్తకి చెప్పు, నాకూ లేదని. అయినా నీ కంప్యూటర్‌కి బుద్ధుందా?”

“మీ నాన్నకి చెప్పు, ఇందాకట్నుంచీ నేనూ అదే మొత్తుకుంటున్నానని. దానికి బుర్ర లేదు.”

“బుర్రా లేదు, కళ్లూ లేవని చెప్పు మీ అత్తకి. దానికన్నా నా కెమెరా నయం.”

“నీ కెమెరాకున్నాయట్రా కళ్లు? ఉంటే నా రెండో కన్నేమైంది?”

“అక్కా, అప్పుడు ఎవరో పక్కనుంచి తోశారే...”

“తోశారని అప్పుడే చెప్పొచ్చుగా!”

“చెప్పనిచ్చావా?”

“నాన్నా... అత్తా... మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు.”

“నువ్వూరుకోవే!”

“ఒక్క మాట చెప్పి ఊరుకుంటానత్తా. మీ గొడవ సంగతి దానికి తెలియదు. ఎవరి పక్కన కూర్చోవడం ఇష్టం లేదో ఒక్కొక్కర్నీ ఫోన్ చేసి అడిగా, వాళ్లు చెప్పిన పేర్లే దానికిచ్చా. నాన్నా, అత్త అందరికీ ఏదో వంక పెట్టింది. ఒకాయన నమిలితే చప్పుడట, ఒకావిడ సెంటు పడదట. నీ పేరొక్కటే ఎత్తలేదు. నువ్వూ అత్త పేరు ఎత్తలేదు. సరే, జనం వచ్చేస్తున్నారు, నేను గుమ్మం దగ్గరికెళ్తా.”

“అక్కా... నా పేరు చెప్పలేదా నువ్వు?”

“నువ్వు చెప్పావేమిట్రా నాది?”

“నేనా... అది... ఆ వేళకి గుర్తు రాలేదు. మరిచిపోయా. నువ్వూ మరిచిపోయావా?”

“ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పినదాన్నిరా. అందర్నీ ఏరి పారేస్తే చివరికి నా పక్కన ఎవరు మిగులుతారో నాకు తెలియదట్రా?”