అద్దె కట్టని అల్లుడు

చౌడయ్య పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడంటే మళ్లీ అన్నం వేళకే పైకి తీసేవాడంట. గుంట మగ్గం చూశారా మీలో ఎవరన్నా? నేలలో మోకాలు లోతు గొయ్యి తీస్తారు. దాని అంచున కూచుని, లోపల కాళ్లతో తొక్కుతా, పైన చేత్తో అడ్డపోగు మోసే నాడె విసురుతా నేస్తారు. అది ఎక్కడ పాతితే అక్కడే. నూలు ఎక్కించాక దాన్ని కదిపారా, వేల పోగులు చిక్కుపడి కూచుంటాయి, ఇంక ఆ నూలు పొయ్యిలోకే. ఇది కాస్త మనసులో పెట్టుకోండి, ఎందుకంటే చౌడయ్య ప్రాణమంతా ఆ గుంటలోనే ఉంది. వాళ్లది ఏటి అవతల ఊరు. వరదకి ఇల్లు కూలిపోతే ఆసులపాలెం వచ్చి, నీలమ్మ ఇంట్లో వీధివైపు గది అద్దెకి తీసుకున్నాడు. నీలమ్మ మొగుడు పోయిన మనిషి, ఆవిడకి మాణిక్యం అని ఒక్కతే కూతురు. గది అద్దె నెలకి నాలుగు రూపాయలు. నాలుగు రూపాయలంటే మీకు నవ్వొస్తుంది గానీ, ఆ డబ్బుతో ఒక మనిషి నెలంతా రెండు పూటలా తినేవాడు. నేను కాలేజీలో చదివేటప్పుడు మెస్సువాడు పెరుగు మానేస్తే రూపాయి తగ్గించేవాడు, నేను రెండేళ్లు పెరుగు తినలేదు. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు. నాలుగు రూపాయలు ఒక్కడే కట్టలేక, గదిలో ఇంకొకణ్ణి చేర్చుకున్నాడంట చౌడయ్య.

ఆ రెండోవాడు సోమలింగం. నేతవాళ్ల పిల్లాడే, కానీ మగ్గం వదిలేసి నాటకాల కంపెనీలో హార్మోనీ వాయించేవాడు. మంచివాడు, అది చెప్పుకోవాలి. చౌడయ్యకి జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి పోశాడు. మనిషి శుభ్రం, తలకి సంపెంగ నూనె, నోట్లో ఎప్పుడూ కిళ్లీ. అద్దె మాట ఎత్తితే మాత్రం హార్మోనీ ముందుకు లాక్కుని పద్యం ఎత్తుకునేవాడు. ఆ పద్యం అయ్యేసరికి చౌడయ్య కళ్లు తుడుచుకుంటా, తను ఏం అడగొచ్చాడో మరిచిపోయేవాడంట. మొదటి నెల వాడి రెండు రూపాయలూ చౌడయ్యే సర్దాడు. తర్వాతి నెల కంట్రాక్టరు ఇవ్వలేదన్నాడు. ఆ పై నెల కంట్రాక్టరు ఇచ్చాడు గానీ నోటు చిరిగిందన్నాడు. నాలుగో నెల ఏమీ చెప్పలేదు, నవ్వాడంతే.

ఇట్లా ఉండగా ఏమైందంటే, ఒక బుధవారం నీలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చౌడయ్యా, నువ్వు నీ సగం కడుతున్నావు, కాదనను, కానీ గదికి సగం తలుపు, సగం కప్పు ఉండవు కదయ్యా, పప్పుల కొట్టు ఆయన బస్తాలు వేసుకోడానికి గది అడుగుతున్నాడు, ఆదివారం పొద్దెక్కేలోగా బాకీ ఆరు రూపాయలూ నా చేతిలో పడకపోతే ఇద్దరూ ఖాళీ చెయ్యండి అనేసి వెళ్లిపోయింది. మగ్గం మీద షావుకారు నమ్మి ఇచ్చిన నూలుంది. గుడ్డ నేసి కోయడానికి ఇంకా ఇరవై రోజుల పని. ఇప్పుడు లేపితే నూలు నాశనం, షావుకారు మళ్లీ గుప్పెడు నూలు ఇవ్వడు, ఇంక కూలికి పోవడమే. గుడ్డ దిగేదాకా చేతిలో చిల్లికానీ లేదు. సోమలింగాన్ని లేపి చెప్పాడు. సోమలింగం అటు తిరిగి పడుకుంటా, ఆవిడ అట్లాగే అంటది అన్నయ్యా, పెద్ద మనసు ఆవిడది అన్నాడంట.

మర్నాడు పొద్దున్నే వీధిలో పడుగు సాగదీశారు. పడుగంటే మగ్గానికి నిలువు పోగులు. వీధి పొడుగునా కట్టి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వుతారు. కుంచెకి ఇద్దరు మనుషులు, చెరో వైపు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి లాగాలి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి కాబట్టి ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు. చౌడయ్యా వెళ్లాడు. కులపెద్ద చంద్రయ్య ఎదురుగా కుంచె పట్టుకుని, ఏమయ్యా మీ హార్మోనీ ఆయన అద్దె కట్టడంట నిజమేనా అనడిగాడు. చౌడయ్యకి రాత్రి నిద్ర లేదు. ఉక్రోషంగా, వాడెందుకు కడతాడు పెదనాన్నా, వాడు నీలమ్మ పిన్నికి ఇల్లరికం అల్లుడు, అల్లుళ్లు అద్దె కడతారా ఎక్కడన్నా అన్నాడు. ఎత్తిపొడుపుగా అన్నాడు పాపం. కానీ చంద్రయ్య నిజమనుకున్నాడు. అద్దె కట్టకుండా నాలుగు నెలలు ఒక ఇంట్లో మొగవాడు ఉన్నాడంటే మరి అల్లుడు కాక ఇంకేంటి అనుకున్నాడు. ఆయన అనుకుంటే వీధంతా అనుకున్నట్టే. పడుగు ఆరేలోగా ముహూర్తం ఎప్పుడని నీలమ్మని అడగడానికి నలుగురు ఆడవాళ్లు వచ్చేశారంట.

నీలమ్మ చేతిలో చీపురుతోనే గదిలోకొచ్చింది. సోమలింగం అప్పటికే కంపెనీకి వెళ్లిపోయాడు. చౌడయ్య గుంటలోంచి లేవలేదు, తల వంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పిన్నీ, నోరు జారాను, ఇప్పుడే వెళ్లి కాదని చెప్పొస్తానన్నాడు. వెనక మాణిక్యం నిలబడి ఉంది. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుందంట. నవ్వంతా అయ్యాక అంది: "అమ్మా, ఆదివారం దాకా ఆగు. అల్లుడి పని ఏంటో ఆయన్నీ చూడనీ. అన్నా, నువ్వు అవుననొద్దు, కాదనొద్దు. నేసుకో."

ఇప్పుడు మీకు ఆసులపాలెం ఆచారం ఒకటి చెప్పాలి. ఆ వీధికి కొత్తగా ఇల్లరికం అల్లుడు వస్తే, వరసగా తొమ్మిది ఇళ్ల పడుగులకి వాడే కుంచె లాగాలి. లాగి, వచ్చినవాళ్లందరికీ అటుకులూ బెల్లమూ పెట్టాలి. మరదలి వరసవాళ్లు మిగిలిన గంజి వాడి మీద పోస్తారు. దాన్ని మర్యాద అంటారు అక్కడ. శుక్రవారం కోడి కూసే వేళకి సోమలింగాన్ని పది మంది లేపారు. అల్లుడుగారూ లేవండి, అల్లుడుగారూ రండి అంటే, కళాకారుడంటే ఈ ఊళ్లో ఎంత గౌరవమో అనుకుని కండువా వేసుకుని మరీ బయల్దేరాడంట. కుంచె చేతికిచ్చారు. ఒక పక్క చంద్రయ్య, ఒక పక్క ఈయన. ఆ చివరికి పోయి ఈ చివరికి రావడం, మళ్లీ పోవడం, మళ్లీ రావడం. అటుకులకి వాడి పేరు మీదే కొట్లో పద్దు రాయించారు. చివర్లో గంజి పోశారు. ఎండకి అది ఆరేసరికి చొక్కాతో సహా పలకలాగా బిగుసుకుపోయి, చేతులు దించలేక గదికొచ్చాడు. చౌడయ్య నాడె విసురుతానే ఉన్నాడు. అన్నయ్యా, నన్ను అల్లుడంటారేంటి అని సోమలింగం అడిగితే, పెద్ద మనసున్న ఊరురా అన్నాడంట. శనివారం రెండు పడుగులు. అరచేతులు బొబ్బలెక్కాయి. హార్మోనీ మెట్టు నొక్కితే హార్మోనీ కన్నా ముందు వీడు అరిచాడు.

ఆదివారం పొద్దున్నే మళ్లీ వచ్చారు. సోమలింగం గుమ్మం పట్టుకుని రానన్నాడు. నేను అల్లుణ్ణి కాదు మహాప్రభో, ఈ గదిలో అద్దెకుంటున్నవాణ్ణి అన్నాడు. చౌడయ్యకి మాత్రం చేతిలో నాడె ఆగిపోయింది. పొద్దెక్కడానికి ఇంక ఎంతోసేపు లేదు.

చంద్రయ్య నింపాదిగా అన్నాడు: "అద్దెకున్నవాడు అద్దె కడతాడు నాయనా. నువ్వు కట్టగా చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

సోమలింగం అందరి మొహాలూ చూశాడు. గబగబా లోపలికెళ్లి హార్మోనీ మోసుకొచ్చి వీధిలో పెట్టి, వెనక చెక్క ఊడదీశాడు. గాలి తిత్తిలోంచి గుడ్డ మూట తీశాడంట. అంటే వీడి దగ్గర మొదటినుంచీ డబ్బుందన్నమాట. ఉంటే ఖర్చయిపోతుందని దాచుకోలేదు, ఇస్తే అయిపోతుందని దాచుకున్నాడు. అట్లాంటివాళ్లు మా హాస్టల్లోనూ ఉండేవాళ్లు, ఒకాయన తర్వాత జడ్జీ కూడా అయ్యాడు. ఆరు రూపాయలు నీలమ్మకి, రెండు చౌడయ్యకి ఇచ్చి, అందరూ చూశారుగా, నేను అద్దెకున్నవాణ్ణి, అల్లుణ్ణి కాదు అని మూడుసార్లు చెప్పాడు. చౌడయ్య గుంటలోనే కూచుని చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నాడంట, దేవుడికో చంద్రయ్యకో తెలియదు.

కథ అక్కడితో అయిపోవాల్సిందే. కానీ మాణిక్యం గడప దాటి వచ్చింది.

"ఈ డబ్బు అద్దెకిచ్చావా, నన్ను తప్పించుకోడానికిచ్చావా? అద్దెకైతే మా అమ్మ తీసుకుంటుంది. తప్పించుకోడానికైతే వెనక్కి పట్టుకుపో. నిన్ను చేసుకుంటానని నేను ఎవరికీ చెప్పలేదు."

సోమలింగం ఆ పిల్లని నాలుగు నెలల్లో మొదటిసారి సరిగ్గా చూశాడంట. "అద్దెకే" అన్నాడు. అని, ఏమనుకున్నాడో, ఆ బొబ్బల చేతులతోనే వెళ్లి కుంచె పట్టుకున్నాడు. అడ్డం చెప్పేవాళ్లెవరు? మూడు పడుగులయ్యాయి, ఇంకా ఆరున్నాయి కదా, ఆరూ లాగాడు. ఆ పై నెల ఒకటో తారీఖు పొద్దు పొడవకముందే రెండు రూపాయలూ తెచ్చి మాణిక్యం చేతికే ఇస్తానని కూచున్నాడు. ఆ తర్వాతి నెల అద్దె ఒకరోజు ముందుగా, ముప్పయ్యో తారీఖునే ఇచ్చాడు. ఇట్లా ముందుకి జరుపుకుంటా పోయి ఏడాది తిరిగేసరికి నీలమ్మ, వీడు ఇంక ముందుగా ఇవ్వాలంటే కిందటి నెలలో ఇవ్వాలి, ముహూర్తం పెట్టించండి అందంట. ఈసారి మాణిక్యమూ సరేనంది. ఆడపెళ్లివారి తరఫున పెళ్లిపీటల దగ్గర కూచుంది ఎవరనుకున్నారు? చౌడయ్యే. పెళ్లికూతురుకి అన్న వరస కదా.

పెళ్లయిన నెల ఒకటో తారీఖు పొద్దున చౌడయ్య నేసుకుంటుంటే, గుంట అంచున ఎవరో వచ్చి కూచున్నారు. చూస్తే సోమలింగం. ఇన్నాళ్లూ అన్నయ్యా అన్నవాడు, బావా, ఇవాళ ఒకటి అన్నాడు. రెండు రూపాయలు తీసిస్తే, నేను లోపలింటికి మారిపోయాను కదా బావా, గది మొత్తం నీదే, కాబట్టి నాలుగు అన్నాడంట. షావుకారు ఊళ్లో లేడురా, రేపిస్తానంటే, పర్లేదు వచ్చేదాకా ఇక్కడే ఉంటానని బాసింపట్టు వేసుకున్నాడు. చౌడయ్యకి నవ్వాగలేదు, అటు పోవాల్సిన నాడె కింద గుంటలో పడిపోయింది. వంగి దాన్ని తీసుకుని, దులిపి, మళ్లీ విసిరాడు. అద్దె ఎగ్గొట్టేవాడి దగ్గర అద్దె కట్టించిన మొనగాడని ఆసులపాలెంలో చౌడయ్యకి ఇప్పటికీ పేరు. ఎవరు ఎవరి దగ్గర కట్టించారో లెక్క మీరే చూసుకోండి. నేను లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణి. మగ్గం మాత్రం అంగుళం కదల్లేదంట.