ఓనర్ చేతికిచ్చిన ఓటు

శంషాబాద్ బస్టాండు పక్కన కారు తుడుస్తున్న భర్తకు ఆమె అన్నం డబ్బా అందించింది. తెల్లారితే పోలింగు.

“ఎలక్షన్ డ్యూటీకి పోతున్నవు గదా, మరి నీ ఓటెట్ల?”

“డ్యూటీ డ్రైవర్లకు పోస్టల్ ఓటిచ్చిన్రు. దాన్ని ఓనర్‌కిచ్చిన.”

“ఎవరికేసి ఇచ్చినవు?”

“ఉత్త సంతకం పెట్టిచ్చిన. ఓటు ఆయనే ఏసుకుంటడట.”

“కారు ఆయనదే, ఓటు గూడ ఆయనదేనా?”

“ఇయ్యకుంటే తాళంచెవి గుంజుకుంటనన్నడు. అందరిచ్చిన్రు.”

“నిలబడ్డది ఆయన బామ్మర్ది. తొండుపల్లిల మన ఇల్లు కూలగొట్టించినోడు.”

“నాకెరుక లేదా?”

అతను తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

“నువ్వు రేపు పొద్దుగాలనే పోయి, వాని మీద నిలబడ్డోనికి ఓటెయ్యి.”

“ఏస్త. కాని నా ఓటు నీ ఓటును కొట్టెయ్యనీకే సరిపోతది గదా.”

“అందుకే పొమ్మంటున్న.”