నబీల్ మాస్టారి తరువాత వచ్చిన కోచ్

"అమ్మమ్మా, రికార్డు నొక్కాను. శుక్రవారం పెద్దవాళ్ళ మీటింగులో ఏం మాట్లాడావో మొదటినుంచీ చెప్పు. టీములో అందరూ నన్నే అడుగుతున్నారు."

చెబుతాను, తొందరపడకు. ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు. ముందు మా పెద్దలను తలచుకోనీ.

మా నాయనమ్మ సుభద్రమ్మగారు. ఆ రోజుల్లో మా కోనసీమలో కలిగినవారి ఇళ్ళలో ధాన్యం కొలవడానికి రెండు కుంచాలుండేవి. అప్పిచ్చేటప్పుడు ఒకటి, తిరిగి కొలిపించుకునేటప్పుడు కాస్త పెద్దది మరొకటి. నాయనమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే ఆ పెద్ద కుంచాన్ని కుడితి ముంచుకోవడానికి పశువులపాకలో పడవేయించిందట. ఇక మా నాన్నగారు తెలుగు పండితులు. పరీక్ష కాగితాలు దిద్దే ముందు ప్రతి కాగితం మీదా పేరున్న అంచును మడిచేవారు. మునసబుగారి అబ్బాయైనా, పాలేరు కొడుకైనా, మార్కులు వేసిన తరువాతనే మడత విప్పడం. బడిపిల్లలకు ఫుట్‌బాల్ కొనిపెట్టింది కూడా ఆయనే. పది రూపాయలు... కాదు కాదు, ఎనిమిది. గాలి కొట్టే పంపు వేరు. ఆ డబ్బుతో నేత చీర వచ్చేదని మా అమ్మ చాలాకాలం దెప్పింది.

ఎక్కడున్నాను? ఆఁ, మీ కోచ్ సంగతి.

నేను ప్రతి చలికాలమూ మీ అమ్మ దగ్గరకు దోహా వస్తూనే ఉన్నాను కదా. మీ అక్క స్రవంతి మీ కాలేజీ ఫుట్‌బాల్ టీములో గోలు కాసినప్పుడూ చూశాను, ఇప్పుడు నువ్వు ఆడుతుంటేనూ చూస్తున్నాను. అందుచేత నబీల్ మాస్టారు కోచ్‌గా వచ్చిన తొలి సంవత్సరమూ నాకు తెలుసు, కప్పు గెలిచి, పూలదండతో ఊరికి వెళ్ళిపోయిన సంవత్సరమూ తెలుసు. మిగిలినవారికేమో ఆ కప్పు ఒక్కటే జ్ఞాపకం. ఆయన స్థానంలోకి షీజా వచ్చింది. కేరళ పిల్ల, ముప్పై దాటిందో లేదో. వచ్చీరాగానే వరుసగా ఓటములు. ఇక చూసుకో! ఆయన అరిస్తే క్రమశిక్షణ అన్నవారే ఈ పిల్ల అరిస్తే నోటిదురుసు అన్నారు. ఆయన ఒకరిని ఆటనుంచి తప్పిస్తే వ్యూహం, ఈమె తప్పిస్తే పక్షపాతం.

కాలేజీవారేమో తల్లిదండ్రుల మాట విన్నాకనే షీజా కాంట్రాక్టు సంగతి తేలుస్తామన్నారు. పొడిగించకపోతే ఆ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోవలసినదే. మీ అమ్మకు ఆ రోజు డ్యూటీ పడింది కనుక, "నువ్వు వెళ్ళి కూర్చో అమ్మా, ఏమీ మాట్లాడనక్కరలేదు" అని నన్ను పంపింది. మాట్లాడకుండా కూర్చోవడం నాకు చేతనవుతుందా, నువ్వే చెప్పు!

కాలేజీ క్యాంటీనులో కూర్చున్నాము. అందరి ముందూ కరక్ చాయ్. అబ్బ, ఎంత తీపే అది! పానకంలో టీ పొడి వేసినట్లుంటుంది. సరే. అంత దూరాన ఉన్న దుఖాన్ ఊరినుంచి కారు నడుపుకుంటూ వచ్చే కిశోర్‌గారు, మీ గోల్‌కీపరు తండ్రి, ముందుగా అందుకున్నారు. "మా అమ్మాయి ఇంటికి రాగానే తలుపేసుకుంటోందండీ. నబీల్‌గారుంటే ఇలా జరిగేదా?" అన్నారు. మన వీధి చివరి ఫ్లాటు వసుంధర, నిజామాబాదావిడ, టేబులు మీద చేయి వేసి, "ఇంకేం ముచ్చట? గామెను పంపుడే. ఇట్లయితే మన పిల్లలు ఆటే ఇడిసిపెడ్తరు" అన్నది. పక్కవారు తలలూపారు.

అప్పుడు నేను చేయెత్తాను. "నేనొక కోచ్‌గారి సంగతి చెబుతాను. పేరు మాత్రం చెప్పను. విని మీరు మార్కులు వేయండి" అన్నాను.

"చెప్పు పెద్దమ్మా, నువ్వు టీచరమ్మవు గద, మమ్ముల బెంచీ ఎక్కియ్యకపోతే చాలు" అన్నది వసుంధర. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను.

"ఆ కోచ్‌గారు వచ్చిన కొత్తలో టీము వరుసగా ఓడింది. వారాల తరబడి పిల్లలకు బంతి ఇవ్వకుండా ఉత్త పరుగులే పెట్టించారు. టీము కెప్టెనును అందరి ముందూ పక్కన కూర్చోబెట్టారు. ఒకమ్మాయి ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది. ఎందుకిలా చేస్తున్నారని తల్లిదండ్రులు అడిగితే సరైన జవాబు చెప్పలేదు. ఇదీ సంగతి. ఏమంటారు?"

"అనేదేమున్నదండీ, మాకు తెలిసిన కథే కదా" అన్నారు కిశోర్‌గారు. "నూటికి ఇరవై వేస్తాను."

"నేనైతే సున్న ఏస్త. గసొంటోళ్ళకు ఇంకో ఏడు ఎందుకిచ్చుడు?" అన్నది వసుంధర.

"సరే, మార్కులు పడ్డాయి కనుక పేరు చెబుతాను. ఆ కోచ్ నబీల్ మాస్టారు. ఆయన తొలి సంవత్సరం. ఏడ్చిన పిల్ల మా స్రవంతి" అన్నాను.

నేను వసుంధర వైపు తిరిగి, "అమ్మా, నీ పెద్దమ్మాయి కూడా అప్పుడు ఆ టీములోనే ఉన్నది. ఓడిపోయిన రోజున నువ్వు సర్వపిండి చేసి తెచ్చి ఆయన చేతిలో పెట్టావు. ఓడినా మంచిగనే ఆడిపిచ్చిండు, కొత్తగ వచ్చిండు, జర టైమియ్యాలె అన్నావు. ఆ సర్వపిండి నేనూ తిన్నాను. కారం కాస్త ఎక్కువైంది కానీ మాట మాత్రం చాలా మంచి మాట" అన్నాను.

ఆవిడకు కోపం వస్తుందేమో అనుకున్నాను. వచ్చింది కూడా, ముఖం ఎర్రబడింది. ఆ తరువాత, ఇదిగో, ఇలా నుదురు కొట్టుకుని, "పెద్దమ్మా, మా చెయ్యితోనే మాకు మొట్టికాయ ఏపిచ్చినవ్ గదా! నిజమే, ఆయనకు టైమిస్తిమి. గీ పిల్లకెందుకియ్యలే మరి?" అన్నది. ఆ ప్రశ్న నేను అడగలేదు తల్లీ, ఆవిడే అడిగింది.

కిశోర్‌గారు వెంటనే ఒప్పుకోలేదు. "అలాగని ఓడిపోతూ ఉంటే చూస్తూ కూర్చోవాలాండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. "అక్కరలేదు బాబూ. నబీల్ మాస్టారికి ఎంత గడువిచ్చామో అంతే ఇద్దాము, ఆయనను రెండవ ఏడు చివర ఏమడిగామో ఈమెనూ అదే అడుగుదాము. జాలిపడి ఒక్క రోజు ఎక్కువ ఇవ్వవద్దు" అన్నాను. ఆయన చాయ్ కప్పు పక్కకు జరిపి, "అలాగైతే సరేనండీ" అన్నారు. కాలేజీవారికి అందరూ కలిసి అదే చెప్పారు. నిన్న వారు ఇంకొక సంవత్సరం పొడిగించారు కూడాను.

"షీజా మేడమ్‌కి ఇదంతా తెలుసా?"

నేనే చెప్పాను. నిన్న సాయంకాలం మైదానం పక్కన కనిపించి "అమ్మమ్మా" అని పిలిచింది. వారి వైపు కూడా అమ్మమ్మను అమ్మమ్మ అనే అంటారట! నాకు వచ్చిన ఇంగ్లీషులో, "నిన్ను వెనకేసుకు రాలేదమ్మా, నీకు రావలసినది ఇప్పించాను, అంతే. వచ్చే ఏడు గట్టిగా అడుగుతారు" అన్నాను. "అడగాలి, అదే నాకు కావాలి" అన్నది. వెన్ను నిటారుగా పెట్టి అన్నది. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. మొన్నటి ఆటలో కనీసం సమానంగా నిలిచారు కదే మీరు! ఇదివరకు అదీ లేదు.

నా వీసా గడువు అయిపోవచ్చింది, వచ్చే వారం వెళ్ళిపోతాను. ఇకమీదట ఆ మీటింగుల్లో మన ఇంటి తరఫున కూర్చునే పని మీ అమ్మకు అప్పగించాను. ఏ కోచ్‌ను గురించి మాట్లాడినా ముందు పేరు లేకుండా సంగతి చెప్పించే పని వసుంధరకు అప్పగించాను. పదిమందిలో మాట మార్చుకోగలిగిన మనిషి కనుక ఆవిడ నాకన్నా బాగా చేస్తుంది. స్రవంతికి ఫోను చేసి, నబీల్ మాస్టారు తొలి ఏడు నేర్పినదేమిటో షీజాకు చెప్పమన్నాను. నీకు ఈ మాటలిచ్చాను, టీములో వినిపించు. ఇంతే నేను ఇచ్చినది.

చల్లగా ఉండు తల్లీ. బాగా పరుగెత్తు.